భాషాశాస్త్రం చదవాలనుకుంటున్న సింధుకు

చిరంజీవి సింధుకు,

పెద్దమ్మ ఆశీస్సులు. ఇంటర్ అయ్యాక భాషాశాస్త్రం (లింగ్విస్టిక్స్) చదువుతానని నువ్వు చెప్పినప్పటి నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్‌గా ఉందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నేను ఆ సబ్జెక్టే చదివాను, రిటైరయ్యే దాకా అదే పాఠం చెప్పాను. కాబట్టి నాకు తెలిసింది రాసి పంపుతున్నాను. దగ్గర పెట్టుకుని, తీరిగ్గా రెండుసార్లు చదువు.

ఈ కోర్సులో చేరే పిల్లల్లో చాలామంది ఇది సాహిత్యమో, నాలుగైదు భాషలు నేర్పే చదువో అనుకుని వస్తారు. మొదటి సెమిస్టర్‌లోనే నిరాశపడతారు. నిజానికి ఇది లెక్కలు ఇష్టపడే వాళ్ళకు నచ్చే చదువు. ఎంపీసీ తీసుకున్నానే అని నువ్వు బాధపడనక్కర్లేదు, అది నీకు కలిసొస్తుంది. జనం మాట్లాడే మాటలను పోగుచేసి, వాటిలో ఏ సూత్రం పనిచేస్తోందో ఊహించి, ఆ ఊహ తప్పని చూపించే ఉదాహరణ కోసం మనమే వెతకాలి. అదే ఈ చదువులో అసలు పని. పుస్తకాలు ఎన్ని చదివినా ఈ పని చెయ్యకపోతే డిగ్రీ వస్తుంది, విద్య రాదు.

ఇప్పుడే ఒకటి చేసి చూడు. కాగితం మీద ఏకవచనాలు రాసి, పక్కన బహువచనాలు రాయి. కొండ, కొండలు. ఇక్కడ ‘లు’ చేరింది, అంతే. గది, గదులు, పులి, పులులు. ఇక్కడ చివరి ఇకారం ఉకారమైపోయింది. ‘లు’లో ఉన్న ఉకారం ముందున్న అచ్చును తనలా మార్చుకుందని నీ ఊహ. బాగుంది. కానీ గుడి, కోడి దగ్గరికి రాగానే గుళ్ళు, కోళ్ళు అంటాం. ఊరు, ఊళ్ళు, ఇల్లు, ఇళ్ళు, పండు, పళ్ళు. డ, ర, ల వచ్చిన చోట ఇంకేదో జరుగుతోంది. సరే, దానికీ ఒక సూత్రం రాస్తావు. అప్పుడు కారు అడ్డం వస్తుంది. ఊరు ఊళ్ళు అయితే కారు కాళ్ళు ఎందుకు కాలేదు? కార్లు అంటున్నాం కదా. బయటి నుంచి కొత్తగా వచ్చిన మాట కనకనా? మరి పేరు అచ్చ తెలుగు మాటే, పేర్లు అనే అంటున్నాం. ఇలా ఒక్కో సూత్రం రాసి, దాన్ని పడగొట్టే మాట వెతికి, మళ్ళీ రాసుకుంటూ పోవాలి. ఒక సాయంత్రం కూర్చుంటే నీకే తెలిసిపోతుంది, ఈ పని నీకు నచ్చుతుందో లేదో. విసుగు పుడితే ఈ చదువు మానెయ్యి, మొహమాటపడకు. భోజనానికి పిలిచినా లేవబుద్ధి కాకపోతే చేరిపో.

ఇందులోనే ఇంకో సంగతి ఉంది. మీ అమ్మమ్మ ఇండ్లు, పండ్లు, బండ్లు అంటుంది. మన కరీంనగర్‌లో అందరూ అంతే. హైదరాబాద్ హాస్టల్‌కి వెళ్ళాక అవి సరైన మాటలు కావన్నట్టు ఎవరో ఒకరు మాట్లాడతారు, నువ్వు కూడా నీ మాట మార్చుకుందామనుకుంటావు. పాత తెలుగులో ఉన్నవి ఆ పండ్లూ బండ్లే. పళ్ళు, బళ్ళు ఆ తర్వాత వచ్చిన మార్పు. ఈ శాస్త్రంలో ఏ ఊరి మాటా తప్పు కాదు, ప్రతి ఊరి మాటా సాక్ష్యమే. నీ ఇంటి మాటను దాచుకున్నావంటే నీ చేతిలో ఉన్న అన్నిటికన్నా మంచి సామగ్రిని పారేసుకున్నట్టే. దాన్ని కాపాడుకో బిడ్డా. అమ్మమ్మ మాట్లాడుతుంటే ఆమెకు చెప్పి రికార్డు చేసిపెట్టు.

రెండో విషయం, చెవి. అక్షరాన్ని ధ్వని అనుకోవడం మనకు బడిలో పట్టిన అలవాటు, అది పోవడానికి సమయం పడుతుంది. చలి, చుక్క అని పైకి అను, తర్వాత చిలక, చెట్టు అను. రాత ఒక్కటే అయినా నాలుక తాకే చోటు మారింది. చక్రం, చాక్లెట్ అను, అవి చెట్టు వైపు చేరతాయి. ఇలాంటివి వినడానికి చెవికి రోజూ పని చెప్పాలి. ఏ భాష ధ్వనినైనా గుర్తులతో రాసే అంతర్జాతీయ ధ్వనిలిపి మొదటి నెలలోనే పట్టుబట్టి నేర్చుకో, తర్వాత నేర్చుకుందామనుకున్న వాళ్ళు చివరి దాకా తడబడటం చూశాను. ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీ వాళ్ళు చేసిన ప్రాట్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. నీ గొంతు రికార్డు చేసి అందులో పెడితే ధ్వని తరంగాలు కళ్ళకు కనిపిస్తాయి, ఒత్తు అక్షరం ఎంతసేపు పలుకుతున్నావో కొలవొచ్చు. సెలవుల్లో అది పట్టుకో. అంతర్జాతీయ భాషాశాస్త్ర ఒలింపియాడ్ 2003 నుంచి జరుగుతోంది. దాని పాత ప్రశ్నలు నెట్‌లో ఉన్నాయి. నీకు అసలు తెలియని భాషల వాక్యాలిచ్చి సూత్రం కనిపెట్టమంటాయి. వారానికి ఒకటి చెయ్యి.

ఇక ఎక్కడ చదవాలన్నది. డిగ్రీ స్థాయిలో ఈ సబ్జెక్టు ఉన్నచోట్లు మన దగ్గర తక్కువ. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ళ ఇంటిగ్రేటెడ్ ఎం.ఏ.లో లాంగ్వేజ్ సైన్సెస్ ఉంది, దానికి సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్ సైన్స్ బీటెక్, కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్ (కంప్యూటర్‌తో భాషను పరిశీలించే శాస్త్రం) ఎం.ఎస్. కలిపి ఐదేళ్ళ కోర్సు ఉంది. నీ లెక్కలు బాగుంటాయి కాబట్టి దాని ప్రవేశ పరీక్ష కూడా రాయి. కానీ అక్కడ ఫీజు చాలా ఎక్కువ, ప్రోగ్రామింగ్ భారం కూడా ఎక్కువ. దూరం వెళ్ళగలిగితే అలీగఢ్, బనారస్ యూనివర్సిటీల్లో బీ.ఏ.లోనే లింగ్విస్టిక్స్ చదవొచ్చు. ఇవేవీ కుదరకపోతే ఏడుస్తూ కూర్చోకు. స్టాటిస్టిక్స్, సైకాలజీ, తెలుగు, ఏ డిగ్రీ చేసినా తర్వాత ఎం.ఏ. లింగ్విస్టిక్స్‌కి రావొచ్చు. ఉస్మానియాలో, ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ అయిన ఇఫ్లూలో, సెంట్రల్ యూనివర్సిటీలో అలా వచ్చిన వాళ్ళే ఎక్కువ. నిబంధనలు ఏటా మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది ప్రకటన చూసుకున్నాకే ఫీజు కట్టు.

నన్నడిగితే సెంట్రల్ యూనివర్సిటీకే నా ఓటు. ఐదేళ్ళు ఒకే చోట ఉంటే క్షేత్రపనికి, అంటే ఊళ్ళకు వెళ్ళి జనం మాటలు పోగుచేసే పనికి, సమయం దొరుకుతుంది. చుట్టూ అన్ని రాష్ట్రాల పిల్లలుంటారు, మెస్‌లో భోజనం చేస్తూనే పది భాషల వాళ్ళని ప్రశ్నలడగొచ్చు.

క్షేత్రపని గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే దీన్ని చాలామంది పర్యటనలా తీసుకుంటారు. ముందు ఏ భాషల దగ్గరికి వెళ్ళాలో చెప్తాను. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, ద్రావిడ భాషలది వేరే కుటుంబమని 1816లోనే మద్రాసులో ఎల్లిస్ అనే ఇంగ్లీషు అధికారి చూపించాడు. ఆ కుటుంబంలో తెలుగుకు దగ్గరి చుట్టాలు తమిళం, కన్నడం కావు. గోండీ, కొండ, కుయి, కువి అనే గిరిజన భాషలు. మన ఆదిలాబాద్‌లో గోండీ, అరకు వైపు కొండ భాష ఇప్పటికీ వినొచ్చు. నువ్వు చదివే ఐదేళ్ళలో వీటిలో ఒకటి నేర్చుకోవాలన్నది నా కోరిక. పరీక్షకు అవసరం లేకపోయినా సరే.

ఎలా వెళ్ళాలో తెలియాలంటే ఇద్దరిని చూడు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవరలనే గిరిజనుల భాష నేర్చుకున్నారు, వాళ్ళ పిల్లల చదువు కోసం పాటుపడ్డారు, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు రాశారు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాల మాండలిక వృత్తి పదకోశం వచ్చింది. రైతులు వాడే మాటలను జిల్లాల వారీగా వాళ్ళనే అడిగి రాసుకున్నారు. ఆ పుస్తకం లైబ్రరీలో తీసి, అడగడంలో ఎంత ఓపిక కావాలో చూడు. ‘దీన్ని నాగలి అంటారా?’ అని అడిగితే ఎదుటివాళ్ళు మర్యాదకు అవునంటారు. వస్తువు చూపించి, మీరేమంటారని అడిగి ఊరుకోవాలి. రికార్డు పెట్టేముందు ఎందుకో చెప్పి అనుమతి తీసుకో. పని మానుకుని నీతో కూర్చుంటే ఆ రోజు కూలి నష్టపోతారు, అది ఇవ్వాలి. రికార్డు చేసినదాని కాపీ వాళ్ళకు చేర్చు. పరీక్షల తర్వాత ఆ ఊరి వైపు చూడని విద్యార్థుల వల్ల వెనక వెళ్ళిన వాళ్ళకు తలుపులు మూసుకుపోయాయి. నువ్వు అలా చెయ్యవద్దు.

మీ నాన్న అడిగేది ఉద్యోగం మాట. అది న్యాయమైన ప్రశ్న, విసుక్కోకుండా జవాబు చెప్పు. పాఠం చెప్పాలంటే నెట్ అనే అధ్యాపక అర్హత పరీక్ష లింగ్విస్టిక్స్‌లో రాయొచ్చు. కానీ పోస్టులు చాలా తక్కువ, ఏళ్ళ తరబడి ఎదురు చూడాల్సి రావొచ్చు. ఇప్పుడు పని ఎక్కువగా ఉన్నది భాషా సాంకేతికతలో. ‘చెప్పకపోయినట్లయితే’ అని మనం ఒక్క మాటలో అనేస్తాం. అందులో ఎన్ని ముక్కలున్నాయో, ఏది దేనికి అతుకుతుందో కంప్యూటర్‌కి తెలిసేలా చెయ్యడానికి భాష నిర్మాణం తెలిసినవాళ్ళు కావాలి. అయితే నిర్మాణం ఒక్కటే తెలిస్తే చాలదు. మొదటి రెండేళ్ళలో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, స్టాటిస్టిక్స్ నేర్చుకుని తీరాలి. ఒక్క విషయం ముందే తెలుసుకో: మాట సరిగా రాని పిల్లలకు వైద్యం చెయ్యాలనుంటే ఈ డిగ్రీ పనికిరాదు. దానికి స్పీచ్, హియరింగ్ డిగ్రీ వేరుగా ఉంది, భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ)లో నమోదు కావాలి. ఆ కోరిక ఉంటే ఇప్పుడే అటు వెళ్ళాలి, మూడేళ్ళ తర్వాత కాదు.

సీయూఈటీ ప్రకటన రాగానే నాకు ఫోన్ చెయ్యి. ఈలోగా సెంట్రల్ యూనివర్సిటీ హాస్టల్, మెస్ ఖర్చులు, ట్రిపుల్ ఐటీ ఐదేళ్ళ ఫీజు ఒక కాగితం మీద పక్కపక్కన రాసి నాన్నకు చూపించు. వచ్చే ఆదివారం నేను కరీంనగర్ వస్తున్నాను, ఆ కాగితం ముందు పెట్టుకుని నలుగురం మాట్లాడుకుందాం. బహువచనాల పని ఎక్కడి దాకా వచ్చిందో కూడా చూపించు.

ఇట్లు,
మీ పెద్దమ్మ