ఫోన్ ఎత్తకపోతే నా విలువ తగ్గినట్టేనా?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. మావారికి కృష్ణపట్నం పోర్టులో షిఫ్టు ఉద్యోగం. నైట్ డ్యూటీలో ఫోన్ ఎత్తకపోతే నా మీద మనసు విరిగిందేమోనని పదిసార్లు చేస్తాను. తర్వాత నా మీద నాకే అసహ్యం వేస్తుంది. నా ఐదో ఏట అమ్మ పనికోసం కువైట్ వెళ్లడంతో అమ్మమ్మ దగ్గర పెరిగాను. నాకు ఆత్మగౌరవం లేదంటుంది చెల్లెలు. నిజమేనా?
– ఒక సోదరి, కావలి

జవాబు: ఆత్మగౌరవం అన్న మాట మనకు సాధారణంగా ఎవరైనా అవమానించినప్పుడే గుర్తొస్తుంది. మనస్తత్వ శాస్త్రంలో మాత్రం, మనిషి తనను తాను ఎంత విలువైనవాడిగా భావించుకుంటున్నాడన్నదే దాని అర్థం. 1965లో అమెరికా సామాజిక శాస్త్రవేత్త మోరిస్ రోజెన్‌బర్గ్ రూపొందించిన పది వాక్యాల ప్రశ్నావళి కొలిచేదీ దాన్నే. పదిసార్లు ఫోన్ చేయడం ఒక్కటే చూసి అది లేదని తేల్చలేం కాబట్టి మీ చెల్లెలి తీర్పు తొందరపాటు.

మీ ఉత్తరంలో నన్ను ఆలోచింపజేసింది మరొకటి: ఎత్తని ఫోనుకూ మీ విలువకూ ముడిపడిపోవడం. పసిబిడ్డకూ పెంచినవారికీ మధ్య బంధం గురించి మనస్తత్వ పరిశోధకులు జాన్ బౌల్బీ, మేరీ ఐన్‌స్వర్త్ చెప్పిన సిద్ధాంతాన్ని పెద్దల బంధాలకు అన్వయిస్తూ, 1991లో బార్తొలొమ్యూ, హొరోవిట్జ్ అనే పరిశోధకులు రెండు ప్రశ్నలు ముందుకు తెచ్చారు: నేను ప్రేమకు తగినదాన్నేనా, ఎదుటివారు నమ్మదగినవారేనా? రెండింటికీ అవునని లోలోపల అనిపించేవారిది నిశ్చింతమైన అనుబంధం. తన మీద సందేహమూ, ఎదుటివారి మీద కొండంత ఆశా ఉన్నవారు తమ విలువను అవతలివారి చేతిలో పెట్టి, రోజూ దాన్ని తిరిగి అడుగుతుంటారు. రాత్రి దొరికిన భరోసా తెల్లారేసరికి కరిగిపోతుంది. ఇలాంటి ఆందోళన ఎక్కువగా ఉన్నవారిలో ఆత్మగౌరవమూ, జీవితం పట్ల తృప్తీ తక్కువగా కనిపిస్తాయని పరిశోధనలు చెబుతున్నాయి. అయితే ఏది కారణమో, ఏది ఫలితమో విడదీయడం అంత తేలిక కాదు.

అమ్మ వెళ్లిపోవడమే దీనికంతటికీ మూలమని నేను అనను. పిలిస్తే పలికిన అమ్మమ్మతో ఏర్పడిందీ అనుబంధమే. పైగా చిన్ననాటి తీరు పెద్దయ్యాక మారదని ఏమీ లేదు.

ఈసారి ఫోన్ ఎత్తనప్పుడు రెండోసారి చేసేముందు ఒక కాగితం మీద, "ఆయన ఎత్తలేదు" అని ఒక వరుసలో, "నేనంటే విసుగు పుట్టింది" అని దాని కింద రాయండి. మొదటిది జరిగినది, రెండోది మీరు ఊహించుకున్నది. విరామంలో ఒక్క మెసేజ్ పెట్టమని మీవారిని అడగడంలో తప్పులేదు, కానీ ఆ మాట తగవు మధ్యలో కాకుండా, ఆయనకు సెలవున్న రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక అడగండి. నిద్ర కూడా పట్టని స్థితి వారాల తరబడి సాగితే 14416కు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు, ఫోన్ చేయండి. తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు.