ఏఐ వచ్చాక డిజైన్ చదువు చదివించవచ్చా?

ప్రశ్న: నాకు సూర్యాపేటలో ఇరవై ఏళ్లుగా డీటీపీ, ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపు ఉంది. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ సెకండియర్. చిన్నప్పటి నుంచి బొమ్మలు బాగా వేస్తుంది. డిజైన్ చదువుతానంటోంది. కానీ ఇప్పుడు కస్టమర్లు ఫోన్‌లోనే ఏఐతో డిజైన్ చేసుకొచ్చి ‘ప్రింట్ వేసివ్వు చాలు’ అంటున్నారు. డిజైన్ డబ్బులు రావడం దాదాపు ఆగిపోయింది. నా కళ్ల ముందే ఎండిపోతున్న చెరువులోకి బిడ్డను ఎలా దింపను? బీటెక్ సీఎస్‌ఈలో చేర్పిస్తానంటే ఏడుస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ భయం ఉత్తది కాదండీ. ‘క్రియేటివిటీకి ఎప్పుడూ డిమాండే’ అని రెండు మాటలు చెప్పి పంపించేస్తే మీకు అన్యాయం చేసినవాడినవుతాను. 2022 ఏప్రిల్‌లో డాల్-ఈ 2, జులైలో మిడ్‌జర్నీ, ఆగస్టులో స్టేబుల్ డిఫ్యూజన్ వచ్చాయి. మాటల్లో రాసిస్తే బొమ్మ వేసిపెట్టే ఏఐ సాఫ్ట్‌వేర్లు అయిదు నెలల్లో మూడు. 2023 మే నెలకల్లా ఫొటోషాప్ బీటా (ప్రయోగాత్మక వెర్షన్)లోనే అలాంటి సౌకర్యం చేరింది. మీరు ఒకప్పుడు పెన్ టూల్ పట్టుకుని గంటసేపు కట్ చేసిన బ్యాక్‌గ్రౌండ్ ఇప్పుడు ఒక్క క్లిక్కు పని. పుట్టినరోజు ఫ్లెక్సు, షాపు ఓపెనింగ్ పాంప్లెట్, పండగ శుభాకాంక్షల పోస్టరు... వీటికి విడిగా డిజైన్ చార్జీ ఇచ్చే రోజులు మళ్లీ వస్తాయని నేననుకోను. అమ్మాయి నాలుగేళ్లు చదివి ఈ పనే చేసేటట్లయితే వద్దనే చెబుతాను.

మీరు షాపు పెట్టినప్పుడు ఊళ్లో బోర్డులు రాసే ఆర్టిస్టుల పని మీ ప్రింటరు దగ్గరికి వచ్చింది. అప్పుడు పని ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారింది. ఈసారి కస్టమరే సొంతంగా చేసుకుంటున్నాడు. మరి డిజైనర్‌కు ఇంకేం మిగిలింది అన్నదే మీ అసలు ప్రశ్న అనుకుంటాను.

దానికి నా ఇంట్లో జరిగిందే చెబుతాను. మొన్నామధ్య మా పెద్దమ్మ పోయింది. పెద్దకర్మకు ఫ్లెక్సు వేయించే పని నా మీద పడింది. ఆమెది ఒకే ఒక్క ఫొటో ఉంది. పాస్‌పోర్టు సైజుది, మధ్యలో మడత. మా తమ్ముడి కొడుకు అప్పటికే దాన్ని ఫోన్‌లో ఏఐతో ‘క్లియర్’ చేసి తెచ్చాడు. మెరిసిపోతోంది! ముఖాన మశూచి మచ్చల్లేవు. రెండు వైపులా ఉండాల్సిన ముక్కుపుడకల్లో ఒకటి మాయం. కళ్లు పెద్దవయ్యాయి. ప్రూఫ్ చూసి మా పెదనాన్న ‘ఎవరీమె?’ అన్నాడు. షాపులో పనిచేసే అమ్మాయి ఏమీ మాట్లాడకుండా పాత ఫొటో అడిగి తీసుకుంది. మళ్లీ స్కాన్ చేసి, మడత గీత ఒక్కటే చెరిపి, వెలుతురు కాస్త పెంచి వదిలేసింది. మచ్చల జోలికి పోలేదు. అరగంట పని. మడత చెరపడానికి ఆమె వాడిందీ ఏఐ టూలే. కానీ ఎక్కడ ఆపాలో ఆమెకు తెలుసు. పెదనాన్న ఆ ఫ్లెక్సు ముందు చాలాసేపు నిలబడ్డాడు.

మీ అమ్మాయికి రావాల్సిన విద్య అది. ఏం చూపించాలి, ఏది ముట్టుకోకూడదు, వచ్చిన పది డిజైన్లలో తొమ్మిది ఎందుకు పనికిరావు అన్నది చెప్పగలగాలి. అది టూల్ నేర్చుకుంటే రాదు. బొమ్మ వేయడం, అక్షరాన్ని గమనించడం, మనుషులతో మాట్లాడటం వల్ల వస్తుంది.

ప్రకటనల రంగంలోనూ ఇదే చూస్తున్నాం. 2021 దీపావళికి క్యాడ్‌బరీ వాళ్లు షారుఖ్ ఖాన్‌తో ఒక యాడ్ చేశారు. ఆయన ముఖాన్ని, గొంతును ఏఐతో మలిచి, చిన్న చిన్న షాపుల పేర్లు ఆయనే పలుకుతున్నట్టు యాడ్లు తయారు చేసుకునే వీలు కల్పించారు. మీలాంటి షాపులే! ఆ టెక్నాలజీ ఇవాళ చాలామంది దగ్గర ఉంది. కరోనాతో దెబ్బతిన్న వీధి చివరి కొట్టు పేరును పెద్ద హీరో నోట పలికిద్దామన్న ఆలోచన మాత్రం మనుషులదే. డబ్బు ఎటు పోతోందంటే, పరిశ్రమల సమాఖ్య ఫిక్కీ, కన్సల్టింగ్ సంస్థ ఈవై కలిసి ఇచ్చిన నివేదిక ప్రకారం 2024లో మన దేశ మీడియా, వినోద రంగంలో డిజిటల్ మీడియా ఆదాయంలో టీవీని దాటేసింది. కాబట్టి అమ్మాయి పోస్టర్ల దగ్గరే ఆగకుండా వీడియో, మోషన్ గ్రాఫిక్స్ (కదిలే అక్షరాలు, బొమ్మలు), యాప్ డిజైన్ వైపు చూడాలి.

ఇంకోటి, మీ అమ్మాయికి ఉన్న పెద్ద ఆస్తి మీ షాపే. తెలుగు అక్షరం దగ్గర ఏఐ ఇప్పటికీ తడబడుతుంది. ఒత్తు ఒకచోట, గుణింతం ఇంకోచోట పడిన బ్యానర్లు మీ దగ్గరికీ వచ్చే ఉంటాయి. రేపు అది సరిగ్గా రాసినా, అందంగా రాసిందా లేదా అన్నది చూసే కన్ను కావాలి. డీటీపీలో వాడే పాత అను ఫాంట్ల ఫైలును ఫోన్లు, వెబ్‌సైట్లు అన్నింట్లో చదవగలిగే యూనికోడ్‌లోకి మారిస్తే ఎలా చెదురుతుందో తను చిన్నప్పటి నుంచీ చూసింది. ఇంగ్లిష్‌లో రెండు పదాలకు గీసిన యాప్ బటన్‌లో తెలుగు మాట పట్టక సగం తెగిపోతే అవస్థ పడేది మన పల్లెల్లోని వాళ్లు. ఇంగ్లిష్‌లో చదువుకుని వచ్చిన చాలామంది డిజైనర్లకు ఆ తెగిన మాట కంటికే ఆనదు. తెలుగును పట్టించుకునే డిజైనర్లు మనకు ఎంతమంది వచ్చినా తక్కువే. నాకిది ఉద్యోగం సంగతి ఒక్కటే కాదు, మనసుకు దగ్గరి విషయం.

సీఎస్‌ఈ సంగతి. కోడ్ రాసే ఏఐ కూడా వచ్చేసింది కదా, అక్కడ నీడ ఉందని ఏడుస్తున్న పిల్లను పంపకండి. ఒకవేళ తనే మనసు మార్చుకుని బీటెక్ చేసినా దారి మూసుకుపోదు. డిగ్రీ తర్వాత సీడ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీల్లో ఎండిజైన్ (డిజైన్‌లో పీజీ) చేయవచ్చు.

ఇప్పటికి చేయాల్సింది చెబుతాను. బీడిజైన్‌కు (డిజైన్‌లో డిగ్రీ) ఐఐటీ బాంబే నిర్వహించే యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష ఉంది. ఇంటర్‌లో ఏ గ్రూపు వాళ్లయినా రాయవచ్చు, రెండుసార్లే అవకాశం, అవీ వరుస ఏడాదుల్లో. పరీక్ష జనవరిలో ఉంటుంది, దరఖాస్తులు అంతకు ముందే అక్టోబరు ప్రాంతంలో మొదలవుతాయి. ఐఐటీ హైదరాబాద్‌లోనూ ఈ కోర్సు ఉంది. ఎన్‌ఐడీకి (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) వేరే పరీక్ష, ప్రిలిమ్స్, మెయిన్స్ రెండూ ఉంటాయి. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లో అప్లైడ్ ఆర్ట్ బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ)కు తప్పకుండా అప్లై చేయించండి. చేతి పని గట్టిపడే చోటు అది. ప్రైవేటు డిజైన్ కాలేజీలు చాలావాటిలో ఫీజు బీటెక్‌ను మించిపోతుంది. అప్పు చేయక ముందు కిందటి బ్యాచ్ పిల్లలతో మీరే స్వయంగా మాట్లాడండి. ‘ఆరు నెలల ఏఐ డిజైన్ కోర్సు, 100 శాతం ప్లేస్‌మెంట్’ అనే బోర్డు కనిపిస్తే ఆగకుండా ముందుకెళ్లిపోండి.

ఈ ఆదివారం అమ్మాయిని షాపులో కూర్చోబెట్టండి. ఏఐ డిజైన్ తెచ్చిన మొదటి కస్టమర్‌ను తననే మాట్లాడమనండి. ఆ ఫ్లెక్సు ఎక్కడ కడతారు, ఎంత దూరం నుంచి చూస్తారు, చూసినవాళ్లు ఏం చేయాలని అనుకుంటున్నారు అని అడగనివ్వండి. తర్వాత కాగితం మీద పెన్సిల్‌తో తనదొకటి గీసి, రెండూ పక్కపక్కన పెట్టి, ఏది ఎందుకు మారిందో పది వాక్యాలు రాయమనండి. అవి నాకు పంపండి. అమ్మాయిని ఎటు పంపాలో ఆ కాగితం చూశాక ఇంకా గట్టిగా చెప్పగలను.