కంప్యూటర్ లెక్కను తెలివి అనొచ్చా?

ఫొటో చూసి మిర్చి రకం చెప్పే ప్రోగ్రామ్‌ని తెలివైనది అనొచ్చా అని అడిగారు. అనొద్దనే నా అభిప్రాయం. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌లో తేజ రకం మిర్చిని చేత్తో విరిచి చూసిన మనిషికి, అది కల్లంలో సరిగా ఆరలేదనీ, రైతు ఏదో అవసరంలో తొందరపడి తెచ్చాడనీ అర్థమవుతుంది. ప్రోగ్రామ్ మాత్రం ఫొటోలోని చుక్కల్ని అంకెలుగా మార్చి, ముందు చూపించిన ఫొటోలను బట్టి సర్దుకున్న లెక్కలో వేసి, ఏ రకానికి అవకాశం ఎక్కువో చెబుతుంది. పని గొప్పదే, కాదనను. కృత్రిమ మేధ అనే పేరు 1955లో జాన్ మెకార్తీ, మరో ముగ్గురు శాస్త్రవేత్తలు అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో పరిశోధన సదస్సు కోసం రాసిన ప్రతిపాదనలో వచ్చింది, అప్పటికి అదొక ఆశ. 1997లో చదరంగం ఛాంపియన్ కాస్పరోవ్‌ని ఓడించిన డీప్ బ్లూ అనే కంప్యూటర్ సెకనుకు దాదాపు 20 కోట్ల ఆట స్థితులు వెతికేది, దాన్ని వెతుకులాట అంటే ఏం తక్కువైంది? తెలివి అని పేరు పెడితే, ప్రోగ్రామ్ తప్పు రకం చెప్పిన రోజు రైతు అడగడానికే జంకుతాడు, నా బాధంతా అదే. ఫొటో లెక్క అనండి, ఎవరి పంట ఫొటోలతో నేర్పారని ధైర్యంగా అడుగుతాడు.