గోడలో పెట్టని ఇటుక

ఆధునిక భవనాల్లో, రోజూ వాడే వస్తువుల్లో మిమ్మల్ని అబ్బురపరచిన కొత్త ఆలోచన ఏది అని అడిగారు. ఆకాశహర్మ్యాల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. నేను ఇటుక గురించి చెబుతాను. సరిగ్గా చెప్పాలంటే, గోడలో పెట్టకుండా వదిలేసిన ఇటుక గురించి.

2011లో మా అమ్మాయి చేత ఒక ప్రవేశ పరీక్ష రాయించడానికి తిరువనంతపురం వెళ్లాను. రైలు దిగి బయటికి వస్తే బస్టాండు పక్కనే ఎర్రగా, గుండ్రంగా, ఇటుకలతో అల్లిన బుట్టలాంటి కట్టడం కనిపించింది. ఇండియన్ కాఫీ హౌస్. లోపలికి వెళ్లాక మెట్ల కోసం వెతికాను. మెట్లు లేవు. నేలే గుండ్రంగా తిరుగుతూ పైకి పోతోంది. ఆ వాలు వెంట గోడ వారన సిమెంటు బల్లలు, కూర్చునే దిమ్మెలు కట్టేశారు. కాళ్ల కింద నేల వాలుగా ఉంది, బల్ల మీద కాఫీ మాత్రం కప్పులో నిశ్చలంగా ఉంది. గోడ పొడవునా ఇటుకల మధ్య సందులు వదిలారు. అక్కడ కూర్చున్నంతసేపూ మా అమ్మాయి పుస్తకం తిరగేస్తుంటే నేను ఆ సందులో వేళ్లు పెట్టి కూర్చున్నాను. బయటి గాలి వేళ్ల మధ్య నుంచి లోపలికి వస్తోంది. కిటికీకి చెక్క లేదు, గాజు లేదు, ఇనుప చువ్వ లేదు. గోడే కిటికీ.

దాన్ని కట్టించినది ఆర్కిటెక్టు లారీ బేకర్. 1917లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టి, 2007లో తిరువనంతపురంలో కన్నుమూశారు. భార్య ఎలిజబెత్ డాక్టరు, మలయాళీ. ఇద్దరూ హిమాలయాల్లోని పిథోరాగఢ్‌లో చాలా ఏళ్లు ఆసుపత్రి నడిపి తరవాత కేరళ చేరారు. ఇంటికి కావలసిన సామగ్రి అయిదు మైళ్ల లోపలే దొరకాలి అన్న గాంధీజీ మాటను ఆయన జీవితాంతం తలచుకునేవారు. ఆఫీసులో కూర్చుని గీతలు గీసి పంపే రకం కాదు, తాపీ మేస్త్రీల పక్కన నిలబడి కట్టించే మనిషి. నా దృష్టిలో ఈ దేశంలో ఆయనంత కొత్తగా ఆలోచించిన ఆర్కిటెక్టు ఇంకొకరు లేరు.

2017లో నరసరావుపేట దగ్గర మా స్థలంలో ఇల్లు మొదలుపెట్టినప్పుడు ఆ గోడలే నా మనసులో ఉన్నాయి. మా ప్రాంతపు ఎండలు తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మే నెలలో రాత్రి పదింటికి కూడా పడమటి గోడ పెనంలా సెగ కొడుతుంది. బేకర్ విరివిగా వాడిన పద్ధతి ఒకటుంది, ర్యాట్ ట్రాప్ బాండ్ అంటారు. ఇటుకను మామూలుగా పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి కడతారు. రెండు ఇటుకలు ఎదురెదురుగా, మధ్యలో ఖాళీ. ఆ పక్కన ఒక ఇటుక అడ్డంగా, గోడ ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా. మళ్లీ రెండు, మళ్లీ ఒకటి. గోడ మందం తొమ్మిది అంగుళాలే, కానీ లోపల వరసగా గాలి గదులు. ఎండ వేడి బయటి ఇటుకను దాటినా ఆ గాలిని దాటి లోపలికి రావడానికి ఆలస్యమవుతుంది.

మా మేస్త్రి పెద్దాయన, ముప్పై ఏళ్లుగా తాపీ పట్టిన చెయ్యి. కాగితం మీద బొమ్మ చూపిస్తే తల అడ్డంగా ఊపారు. "ఇటుక నిలబెడితే గోడ నిలబడుతుందా సార్? లోపలంతా డొల్ల. రేపు పగులు వస్తే ఊళ్లో నా పేరే చెబుతారు" అన్నారు. మా మామగారు ఆయన పక్షమే. "డబ్బు మిగుల్చుకోవడానికి గోడలే దొరికాయా నాయనా?" అని రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఇంజినీరు గారు లెక్క చూసి ఒకే అంతస్తు కాబట్టి పరవాలేదని సంతకం పెట్టినా మేస్త్రి మనసు ఒప్పుకోలేదు. ఆయన ఒప్పుకోకుండా నేను కట్టించదలచుకోలేదు. ఇష్టం లేని చేత్తో కట్టిన గోడ ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మర్నాడు పొద్దున్నే వేపచెట్టు కింద ఓ ముప్పై ఇటుకలు తెచ్చి, సిమెంటు లేకుండా ఉత్తినే పేర్చడం మొదలుపెట్టాను. మూడు అడుగుల పొడవు, మూడు వరసలు. నా పేర్పు వంకరగా ఉంది. మేస్త్రి వచ్చి గొంతుక్కూర్చుని కాసేపు చూశారు. తరవాత ఏమీ అనకుండా నేను పేర్చినదంతా తీసేసి తానే మొదటి నుంచి పేర్చారు. రెండో వరస పెట్టబోతూ ఆగి, ఒక ఇటుక తీసుకుని మధ్యలో ఉన్న ఖాళీలోకి జారవిడిచారు. అది అందులో ఇమిడిపోయింది. పైకి తీశారు. పక్క ఖాళీలో వేశారు. అందులోనూ ఇమిడింది. అక్కడ ఆయన ముఖం మారింది. "అంటే నాలుగు పట్టే చోట మూడే పట్టాయి. ఈ నాలుగోది గాలి సార్" అన్నారు.

లెక్క అదే. మన ఇటుక తొమ్మిది అంగుళాల పొడవు, నాలుగున్నర వెడల్పు, మూడు మందం అనుకోండి. అంచు మీద నిలబెట్టిన రెండు ఇటుకల మందం ఆరు, గోడ మందం తొమ్మిది, మిగిలిన ఖాళీ మూడు. ఆ ఖాళీ పొడవు తొమ్మిది, ఎత్తు నాలుగున్నర. సరిగ్గా ఒక ఇటుక కొలత. ఇటుకల్లో పాతిక శాతం మిగులు, దానికి తగ్గట్టు సిమెంటు మాలు కూడా తక్కువ. ఇంజినీరు గారు ఇదే లెక్క కాగితం మీద వేసి చూపించినప్పుడు నమ్మని మనిషి, ఇటుక జారవిడిచి చూసి నమ్మారు.

ఆ తరవాత పని ఆయనదే. మాలు పరిచేటప్పుడు అది లోపలి ఖాళీలోకి రాలిపోతోందని మొదటి రోజే గమనించి, ఒక చెక్క పట్టీ చేయించారు. ఖాళీ మీద అడ్డంగా ఆ పట్టీ పెట్టడం, రెండు పక్కలా మాలు పరచడం, పట్టీని ముందుకు జరపడం. కేరళ మేస్త్రీలూ ఇలాంటి పట్టీయే వాడతారని నాకు తరవాత తెలిసింది. ఈయనకు ఎవరూ చెప్పలేదు. గది మూలల్లో ఖాళీల్లోకి ఇనుప చువ్వలు దించి కాంక్రీటు పోశారు. కరెంటు పైపులు కూడా ఆ ఖాళీల్లోంచే పైకి వెళ్లాయి, గోడను చెక్కి గాడి కొట్టే పని తప్పింది.

కష్టం రాలేదని చెప్పను. మా దగ్గర బట్టీ ఇటుకల్లో ఒకదాని కొలత ఇంకొకదానికి ఉండదు. మామూలు గోడలో ఆ వంకర్లన్నీ ప్లాస్టరింగు కింద దాగుతాయి. మేము బయట ప్లాస్టరింగు వద్దనుకున్నాం కాబట్టి ఇటుకలు ఏరుకోవాల్సి వచ్చింది, మొదటి లారీలో నాలుగో వంతు పక్కన పెట్టేశాం. ఇల్లు పూర్తయ్యాక ఏడాది పాటు వచ్చినవాళ్లంతా "ప్లాస్టరింగు ఎప్పుడు చేయిస్తున్నారు?" అనే అడిగారు. ఇటుక ఇటుకలా కనిపిస్తే ఇల్లు సగంలో ఆగిపోయిందని అర్థమా? బాగా కాలిన ఇటుక కంటే అందమైన రంగు ఏ డబ్బాలో దొరుకుతుంది?

పైకప్పుకు కూడా ఇదే ఆలోచన, ఫిల్లర్ స్లాబ్. స్లాబులో కింది సగం లాగుడును, అంటే సాగదీసే బలాన్ని, మోస్తుంది. లాగుడుకు పనికొచ్చేది ఇనుము, కాంక్రీటు కాదు. అయినా మనం అక్కడ కూడా కాంక్రీటే నింపుతాం. ఆ చోట చువ్వల మధ్య పెంకులు పెడితే కాంక్రీటు తగ్గుతుంది, బరువు తగ్గుతుంది. మా తాతగారి పాత ఇల్లు పడగొట్టినప్పుడు దాచిన పెంకులు పెరట్లో పేర్చి ఉన్నాయి. వాటిని నీళ్లలో నానబెట్టి, రెండేసి చొప్పున మధ్యలో గాలి ఉండేలా సెంట్రింగు మీద అమర్చారు. నానబెట్టకపోతే కాంక్రీటులోని తడిని అవి పీల్చేస్తాయి. సెంట్రింగు విప్పిన రోజు మా అమ్మ హాల్లో నిలబడి పైకి చూస్తూ, "ఇవి మన వంటింటి మీదవి, ఆ పొగచూరిన మచ్చ చూడు" అంది. నేను చూశాను. మచ్చ ఉంది.

ఇక హైదరాబాదు సంగతి. నేను పనిచేసిన శాఖను పదవీ విరమణకు ముందు ఒక కొత్త భవనంలోకి మార్చారు. రోడ్డు వైపు నేల నుంచి కప్పు దాకా గాజే. మొదటి వారంలోనే పడమటెండ కంప్యూటర్ల మీద పడుతోందని తెరలు దించారు. తెరలు దించాక చీకటి కాబట్టి పగలంతా ట్యూబులైట్లు వేశారు. గాజు లోపలికి వచ్చిన వేడి బయటికి పోదు కాబట్టి ఏసీలు ఆపకుండా తిరిగాయి. నేనున్న మూడేళ్లలో ఆ తెరలు ఒక్కసారి కూడా పైకి వెళ్లలేదు. చలిదేశాల్లో ఎండను లోపలికి పిలవడానికి పనికొచ్చే గోడను మాదాపూర్ ఎండలో నిలబెట్టడాన్ని ఆధునికం అంటుంటే నాకు కోపం వస్తుంది. అహ్మదాబాదులో ఆర్కిటెక్టు బాలకృష్ణ దోషి తన స్టూడియో సంగత్‌ను 1980లో పూర్తి చేసినప్పుడు సగం నేలలోకి దించి, అర్ధచంద్రాకారపు కప్పుల మీద తెల్లటి పింగాణీ ముక్కలు అతికించారు, ఎండ తిరిగి వెళ్లిపోవడానికి. దోషికి 2018లో ఆర్కిటెక్టులకు ఇచ్చే అతి పెద్ద గౌరవం, ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. మనవాళ్లు చప్పట్లు కొట్టారు, మళ్లీ గాజే కట్టారు.

వస్తువుల సంగతి కూడా అడిగారు కాబట్టి ఒక్కటే చెబుతాను: కాలు పోయినవాళ్లకు అమర్చే జైపూర్ పాదం. 1960ల చివర్లో సవాయి మాన్‌సింగ్ ఆసుపత్రిలో డాక్టర్ ప్రమోద్ కరణ్ సేఠీ, చేతిపని నిపుణుడు రామచంద్ర శర్మ కలిసి చేశారు. అప్పటిదాకా ఉన్న కృత్రిమ పాదం బూటు తొడుక్కుని, కుర్చీలో కూర్చునే మనిషి కోసం చేసినది. మన రైతు గొంతుక్కూర్చోవాలి, బాసింపట్టు వేయాలి, బురదలో వట్టి కాలితో నడవాలి. రబ్బరుతో వాళ్లు చేసిన పాదం అన్ని వైపులకూ వంగుతుంది, బూటు అక్కర్లేదు. డాక్టరు, చేతిపని మనిషి ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు కాబట్టే అది సాధ్యమైంది. ఇల్లయినా కాలయినా నాకు తెలిసిన దారి ఇదొక్కటే.

మా ఇల్లు ఎనిమిది వేసవులు చూసింది. పగులు రాలేదు. మధ్యాహ్నం మూడింటికి పడమటి గోడకు లోపలి వైపు అరచెయ్యి ఆనిస్తే కాలదు, నాకు అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. మీరు కట్టించదలిస్తే రెండు జాగ్రత్తలు. ఇటుకలు ముందే ఏరి పెట్టుకోండి. బరువైన అలమర ఎక్కడ తగిలిస్తారో గోడ లేస్తుండగానే చెప్పి అక్కడ ఖాళీలు నింపించుకోండి, తరవాత మేకు కొడితే డొల్లలోకి దిగుతుంది. మా మామగారు తన గదిలో గడియారం తగిలించబోతే అలాగే దిగింది. ఆయన మేస్త్రికి ఫోను చేస్తే, మేస్త్రి పక్క ఊళ్లో తన కొడుక్కి ఇల్లు కడుతున్నానని, సాయంత్రం వచ్చి సరిచేస్తానని అన్నారు. వచ్చినప్పుడు ఆయన సంచిలో ఆ చెక్క పట్టీ ఉంది.