సిలికాన్ కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తవుతోంది. పీహెచ్‌డీకి రెండు ల్యాబ్‌ల నుంచి పిలుపు వచ్చింది. ఒకటి మందుల తయారీకి పనికొచ్చే ఆర్గానిక్ సింథసిస్. రెండోది తక్కువ ఆక్సీకరణ స్థితిలో ఉన్న సిలికాన్, జెర్మేనియం సమ్మేళనాలను లైగాండ్లుగా (లోహానికి అతుక్కుని దాని పనితీరును మార్చే అణువులుగా), ఉత్ప్రేరకాలుగా వాడే పరిశోధన. నా మనసు రెండోదాని మీదే ఉంది. ‘దాంతో ఉద్యోగాలు రావు’ అని నాన్న, సీనియర్లు అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ నాన్నగారి మాటలో కొంత నిజం ఉంది. ఈ సమ్మేళనాలు ఉత్ప్రేరకాలుగా ఇప్పటికీ ఎక్కువగా ల్యాబ్‌లకే పరిమితం. నేరుగా ఈ పేరుతో ఉద్యోగాలు దొరకడం కష్టం. అయినా రెండో ల్యాబ్ వైపే మొగ్గమంటాను, అయితే ఒక షరతు మీద. అది అర్థం కావాలంటే ఈ రంగం ఎక్కడ చిక్కుకుని ఉందో తెలియాలి.

ఈ రకం సమ్మేళనాల్లో ఒకటి సిలిలీన్. ఇందులో సిలికాన్ +2 స్థితిలో ఉంటుంది, మామూలుగా ఉండే నాలుగు బంధాలకు బదులు రెండే ఉంటాయి. ఒక ఒంటరి ఎలక్ట్రాన్ జంట, ఒక ఖాళీ పి-ఆర్బిటాల్ మిగిలి ఉంటాయి. అంటే ఎలక్ట్రాన్లు ఇవ్వగలదు, పుచ్చుకోనూగలదు. పల్లాడియం, రోడియం వంటి లోహాలు డి-ఆర్బిటాళ్లతో చేసే పని ఇదే. గది ఉష్ణోగ్రతలో నిలిచే నైట్రోజన్ వలయపు సిలిలీన్‌ను డెంక్, వెస్ట్ బృందం 1994లో ప్రకటించింది. 2005లో ఫిలిప్ పవర్ బృందం జెర్మేనియం సమ్మేళనంతో, మామూలు పీడనం దగ్గరే, హైడ్రోజన్ అణువును విడగొట్టింది. పల్లాడియం లాంటి పరివర్తన లోహమేదీ అక్కర్లేకపోయింది!

బంధం తెంపడం వచ్చేసింది. చిక్కంతా ఆ తర్వాతే. బంధం తెంపిన సిలికాన్ +4 స్థితికి చేరి అక్కడే స్థిరపడిపోతుంది. ఉత్ప్రేరకం అనిపించుకోవాలంటే ఉత్పత్తిని వదిలేసి మళ్లీ +2కి రావాలి. గ్రూపులో కిందికి వెళ్లేకొద్దీ జడ జంట ప్రభావం (బయటి ఎస్-ఎలక్ట్రాన్ల జంట బంధాల్లో పాల్గొనకుండా ఉండిపోవడం) వల్ల ఆ తిరుగు ప్రయాణం తేలికవుతుంది, కానీ బలమైన బంధాలను తెంపే చురుకు తగ్గుతుంది. పక్క గ్రూపులోని బిస్మత్ +1, +3 స్థితుల మధ్య తిరుగుతూ ఉత్ప్రేరకంగా పనిచేస్తుందని 2019లో కోర్నెల్లా బృందం చూపింది. సిలికాన్ దగ్గర ఇంకా చేయాల్సింది ఎంతో ఉంది. కొత్తగా వచ్చే విద్యార్థికి ఇంతకంటే మంచి సమస్య ఏముంటుంది?

కాబట్టి షరతు ఇదీ: ఆ ల్యాబ్ కొత్త అణువు చేసి, స్ఫటిక నిర్మాణం ప్రచురించి ఆగిపోకూడదు. ఉత్ప్రేరకం మళ్లీ మొదటి స్థితికి వచ్చే చక్రం పూర్తయ్యేదాకా వెంటపడాలి. వాళ్ల గత పేపర్లు తీసి చూడండి, ఉత్ప్రేరకం ఎన్ని శాతం వాడారో, ఎన్నిసార్లు తిరిగిందో రాశారా అని. సిలిలీన్‌ను లోహానికి లైగాండ్‌గా కట్టే పని కూడా ఉంటే ఇంకా నయం. చాలా సిలిలీన్లు ఎలక్ట్రాన్లు ఇవ్వడంలో, లైగాండ్లుగా విరివిగా వాడే ఫాస్ఫరస్ సమ్మేళనాలైన ఫాస్ఫీన్లను మించిపోతాయి, పైగా ఆ దారిలో ఫలితాలు త్వరగా వస్తాయి.

ఇక చేతిపని. ష్లెంక్ లైన్ (గాలి తగలకుండా ప్రయోగాలు చేసే గాజు గొట్టాల అమరిక) మీద ముదురు ఎరుపు ద్రావణం ఉంటుంది. స్టాపర్‌కు గ్రీజు సరిగా పట్టకపోతే చూస్తుండగానే రంగు వెలిసిపోతుంది, వారం కష్టం వృథా. గ్లవ్ బాక్స్ (గాలి చొరబడని, చేతి తొడుగులు అమర్చిన పెట్టె)లోని ఫ్రీజర్‌లో స్ఫటికాల కోసం రోజుల తరబడి ఎదురుచూడాలి. ప్రకృతిలో సిలికాన్-29 దాదాపు 4.7 శాతమే కాబట్టి అణు నిర్మాణం తెలిపే ఎన్‌ఎంఆర్ పరీక్షలో సిగ్నల్ కోసం గంటలు పడుతుంది. ఈ ఓపిక మీకుందో లేదో ముందే చూసుకోండి.

ఉద్యోగాలు తెచ్చిపెట్టేది ఈ చేతిపనే. పాలిథీన్ వంటి పాలియోలెఫిన్ ప్లాస్టిక్‌ల తయారీ ఉత్ప్రేరకాల్లో వాడే అల్యూమినియం ఆల్కైల్స్, చిప్‌ల మీద పలుచని పొరలు వేయడానికి వాడే ముడి సమ్మేళనాలు (ప్రికర్సర్లు) గాలి తగిలితే పాడైపోతాయి, కొన్ని మండిపోతాయి కూడా. వాటిని భయం లేకుండా చేయగలిగినవాళ్లు కావాలి. సిలికోన్ పరిశ్రమలో హైడ్రోసిలైలేషన్‌కు (సిలికాన్-హైడ్రోజన్ బంధాన్ని కార్బన్ జంట బంధానికి చేర్చే చర్యకు) ఉత్ప్రేరకంగా ఇప్పటికీ ప్లాటినమే ప్రధానం, అదీ తయారైన సరుకులోనే ఉండిపోతుంది. దానికి బదులు వెతికేవాళ్లకు మీ చదువు నేరుగా అక్కరకొస్తుంది. నాన్నగారికి ఈ సంగతులే చెప్పండి.

జవాబిచ్చే ముందు ఆ ల్యాబ్‌లో రెండు రోజులు గడపనివ్వమని అడగండి. గైడ్ లేనప్పుడు విద్యార్థులతో మాట్లాడండి. గ్లవ్ బాక్స్ వంతు ఎన్నాళ్లకు వస్తుంది, చదువు ముగించినవాళ్లు ఎక్కడ పనిచేస్తున్నారు, డీఎఫ్‌టీ లెక్కలు (అణువుల నిర్మాణం, శక్తి అంచనా వేసే కంప్యూటర్ లెక్కలు) విద్యార్థులే నేర్చుకుని చేస్తారా అని అడగండి. జవాబులు తృప్తిగా లేకపోతే ఆర్గానిక్ ల్యాబ్‌లోనే చేరండి.