ఇంటి లోన్ నడుస్తుండగా పెద్ద జబ్బు చేసి జీతం తగ్గితే ఈఎంఐ ఎలా నెట్టుకురావాలి?

భర్త మంచాన పడ్డారు, జీతం సగం అయింది, బెంగళూరు ఫ్లాట్ ఈఎంఐ కోసం ఊళ్లో అప్పు తేవాలా లేక ఫ్లాట్ అమ్మేయాలా అని అడిగారు. రెండూ వద్దు. ఫ్లాట్ అద్దెకిచ్చేసి మీరు చిన్న ఇంట్లోకి మారండి. మిగతా ఆలోచనలన్నీ ఆ తర్వాతే. ఈ మాట అన్నందుకు మా ఇంట్లోనే నన్ను గయ్యాళిని చూసినట్టు చూశారు, కాబట్టి మీకూ నచ్చకపోవచ్చు.

మా ఆయనకు 2022 వానాకాలంలో గులియన్ బారే సిండ్రోమ్ వచ్చింది. 2025 మొదట్లో పుణేలో కేసులు వచ్చినప్పుడు పేపర్లలో జీబీఎస్ అని చదివే ఉంటారు, అదే. ఒంట్లోని రోగనిరోధక శక్తి మన నరాల మీదే తిరగబడుతుంది. పాదాల్లో తిమ్మిరితో మొదలై పైకి పాకింది, ఐసీయూ దాకా వెళ్లింది. ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ మనిషి బరువును బట్టి ఐదు రోజులు ఎక్కిస్తారు. ఆ మందు బిల్లు చూశాక నాకు ఫ్లాట్ రేటు కూడా చిన్నగానే కనిపించింది. ఆఫీసు ఇన్సూరెన్స్ కొంత మోసింది. ఆయన సెలవులు అయిపోయాక లాస్ ఆఫ్ పే, తర్వాత సగం పని, సగం జీతం. నేను ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. నా జీతం మొత్తం కలిపినా ఈఎంఐకి సరిపోదు.

సరిగ్గా అదే సమయంలో రిజర్వ్ బ్యాంకు రెపో రేటు, అంటే బ్యాంకులకు అది అప్పిచ్చే వడ్డీ, ఎక్కుతోంది. 2022 మేకు ముందు 4 శాతం ఉన్నది 2023 ఫిబ్రవరికి 6.5 అయింది. మా బ్యాంకు ఈఎంఐ పెంచలేదు, సంతోషించాం. తీరా స్టేట్‌మెంట్ తీస్తే లోన్ గడువు ఏళ్లకు ఏళ్లు సాగిపోయి ఉంది. మమ్మల్ని ఒక్క మాట అడగలేదు. వడ్డీ మారినప్పుడు ఈఎంఐ పెంచాలో గడువు పెంచాలో కస్టమర్‌నే అడగాలి అని రిజర్వ్ బ్యాంకు 2023 ఆగస్టులో గట్టిగా చెప్పింది. అప్పటికే మా గడువు సాగదీయడం అయిపోయింది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మీకు అందరూ ఇచ్చే మొదటి సలహా "గడువు పెంచమని అడుగు" అనే. లెక్క చూడండి. యాభై లక్షలు, 9 శాతం వడ్డీ, 20 ఏళ్లు అయితే ఈఎంఐ సుమారు 45 వేలు. దాన్ని 30 ఏళ్లకు సాగదీస్తే 40 వేల పైచిలుకు. నెలకు ఐదు వేలు కూడా తగ్గదు, మొత్తం మీద మాత్రం దాదాపు 37 లక్షలు ఎక్కువ కడతారు. కొన్నాళ్లు వడ్డీ మాత్రమే కడతామంటారా? లోన్ మొదటి నెలల్లో ఆ 45 వేలలో 37 వేలకు పైగా వడ్డీయే. కాబట్టి బ్యాంకు ఎంత దయ చూపినా, లోన్ కొత్తదైతే అది చేయగలిగింది కొంచెమే.

అసలు సంగతికి వస్తాను. ఆయన వాకర్ పట్టుకుని హాల్లో రెండడుగులు వేస్తున్న రోజుల్లో మా మామయ్య కదిరి నుంచి వచ్చారు. మెజెస్టిక్‌లో దిగి, ఎవరినీ అడక్కుండా కాడుగోడిలోని మా ఫ్లాట్ దాకా చేరుకున్నారు. చేతిలో ఎరువుల కంపెనీ సంచి. అందులో తువ్వాలులో చుట్టి ఐదు లక్షలు. ప్రోనోటు రాసి తెచ్చారట, నూటికి రెండు రూపాయల వడ్డీ. నేను అద్దె సంగతి ఎత్తగానే ముఖం మాడింది.

"సొంతిల్లు బాడుగకిచ్చేదేందమ్మా? గృహప్రవేశానికి మన ఊరంతా బస్సు మాట్లాడుకుని వచ్చి తినిపొయినారు. ఇప్పుడు మీరు బాడుగ కొంపలో ఉండారంటే నేను ఊర్లో తల ఎట్ల ఎత్తుకోవాల?"

నేను వాదించలేదు. మా వాడి రఫ్ నోట్సు తెచ్చి ఆయన ముందు పెట్టాను. "మామయ్యా, బ్యాంకు వడ్డీ 9 శాతం. మన ఊరి లెక్కలో ఎంత?" ఆయన ఠక్కున అన్నారు, "ముప్పావలా." "ఐదు లక్షలకు నెలకు ఎంత?" "మూడువేల ఏడొందల యాభై." "మరి మీరు తెచ్చినదానికి?" ఆయన పెన్ను కూడా పట్టుకోలేదు. కళ్లద్దాలు తీసి తువ్వాలుతో తుడుచుకున్నారు. పదివేలు అని ఆయన నోటితో అనలేదు, నేనే రాశాను. ముప్పావలా వడ్డీ అప్పు తీర్చడానికి రెండు రూపాయల వడ్డీకి తేవడం! వాకర్ దగ్గర నిలబడి మా ఆయన నవ్వుతూ, "నాన్నా, ఆ పుస్తకం మూసెయ్, ఇంక వదలదు" అన్నారు.

మామయ్యకు మిగిలిన భయం ఒక్కటే. బ్యాంకోళ్లు వచ్చి తాళం వేసి, వీధిలో దండోరా వేస్తారని. అదీ చెప్పాను. ఒక్క ఈఎంఐ తప్పగానే ఎవరూ తాళం వేయరు. 90 రోజులు దాటాక ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది. ఆ తర్వాత 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు. దానికి మనం జవాబు రాస్తే బ్యాంకు 15 రోజుల్లో కారణాలు చెప్పాలి. స్వాధీనానికి దిగినా 45 రోజుల్లో రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. రికవరీ వాళ్లు ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. ఇదంతా ఎగ్గొట్టమని కాదు, సిబిల్ స్కోరు కరిగిపోతుంది, బౌన్స్ చార్జీలు రెండు వైపులా పడతాయి. భయంలో ప్రోనోటు రాయొద్దనే చెప్తున్నా. మర్నాడు మామయ్య ఆ సంచితోనే వెనక్కి వెళ్లారు. నెల నిండకపోయినా ఆ వడ్డీ వ్యాపారి నెల వడ్డీ పట్టుకునే ప్రోనోటు చింపాడు.

ఫ్లాట్ 30 వేలకు అద్దెకు పోయింది. మేం మారతహళ్లి వెనక మున్నేకొళాలలో గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు 14 వేలకు తీసుకున్నాం. పవర్ పోయినప్పుడు లిఫ్టు కోసం చూడక్కర్లేదు, వాకర్‌తో నేరుగా వీధిలోకి రావచ్చు. ఫిజియోథెరపీ నడిచి వెళ్లే దూరం, కింద కర్నూలు వాళ్ల కిరాణా కొట్టు. నెలకు 16 వేలు తేడా. ఏ బ్యాంకు రీస్ట్రక్చరింగ్ చేసినా, అంటే లోన్ షరతులు మార్చినా, నాకు ఇంత మిగిలేది కాదు. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ కూడా అద్దెకున్నవాళ్లే కడుతున్నారు.

బెంగళూరులో ఇంకో సౌకర్యం ఉంది, అడ్వాన్స్. హైదరాబాద్‌లో రెండు నెలలిస్తే చాలు, ఇక్కడ ఐదారు నెలలు, పాతకాలం ఓనర్లయితే పది నెలలు అడుగుతారు. అద్దెకున్నప్పుడు ఈ పద్ధతిని తిట్టుకునేదాన్ని, ఓనర్ అయ్యాక నోరు మూసుకున్నాను. మాకు వచ్చిన అడ్వాన్స్ రెండు లక్షలు, మేం ఇచ్చింది 70 వేలు. మిగిలిన దానికి వడ్డీ లేదు. కానీ అది మన డబ్బు కాదు, వాళ్లు ఖాళీ చేసిన రోజు ఇవ్వాలి, వేరే ఖాతాలో పెట్టి గుండె దడ వచ్చినప్పుడే ముట్టుకోండి. వెళ్లేటప్పుడు పెయింటింగ్ పేరుతో నెల అద్దె కోసుకునే దిక్కుమాలిన ఆచారం మాత్రం నేను పాటించను.

బ్యాంకుకు చెప్పాలా? చెప్పండి, ఈఎంఐ తప్పకముందే, కాగితం మీద. డిశ్చార్జ్ సమ్మరీ, లాస్ ఆఫ్ పే ఉన్న పే స్లిప్ జతచేసి, రెండో కాపీ మీద సీలు వేయించుకోండి. నేను వెళ్తే బ్రాంచివాళ్లు హోమ్ లోన్ సెల్‌కు పొమ్మన్నారు. అక్కడి కుర్రాడు స్క్రీన్ చూసి, "మీ అకౌంట్ రెగ్యులర్‌గానే ఉంది కదా మేడమ్, ప్రాబ్లం ఏంటి?" అన్నాడు. ప్రాబ్లం రాకముందు వెళ్తే ప్రాబ్లం లేదంటారు, వచ్చాక వెళ్తే ముందే రావాల్సింది అంటారు. అయినా సీలు పడిన కాగితం ఉండాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, పైసా ఖర్చు లేదు. రీస్ట్రక్చరింగ్ ఒప్పుకుంటే సిబిల్ రిపోర్టులో ఆ ముద్ర పడుతుందని మాత్రం తెలిసి సంతకం పెట్టండి.

ఇక లోన్‌తో పాటు అంటగట్టిన ఇన్సూరెన్స్ గురించి. ప్రీమియం మొత్తం లోన్‌లోనే కలిపేశారు, దానికీ వడ్డీ కడుతున్నాం. పక్షవాతం కవర్ అవుతుందని అమ్మారు. క్లెయిమ్ పెడితే ఏమన్నారో తెలుసా? కాళ్లు చేతులు పడిపోవడం శాశ్వతంగా ఉండాలి, మూడు నెలలు దాటినా కోలుకునే ఆశ లేదని డాక్టరు రాసివ్వాలి. జీబీఎస్‌లో చాలామంది కోలుకుంటారు. మా ఆయనా కోలుకుంటున్నారు. అంటే మనిషి లేచి నడుస్తున్నాడు కాబట్టి డబ్బు లేదు! ఆ ఉత్తరం పట్టుకుని నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. ఆ నిర్వచనం అన్ని కంపెనీల పాలసీల్లోనూ దాదాపు అదే ఉంటుంది. మీ పాలసీలో మీ జబ్బు పేరు వెతకొద్దు, నిర్వచనం చదవండి.

ఎక్కడినుంచైనా పెద్ద మొత్తం చేతికొస్తే, పీఎఫ్ అడ్వాన్స్ గానీ, అన్నదమ్ములు ఇచ్చింది గానీ, లోన్‌లో జమచేసి భారం దించుకుందామని చూడకండి. బ్యాంకులో వేసిన డబ్బు ఆస్పత్రి అడిగిన రోజు వెనక్కి రాదు. ఫ్లోటింగ్ రేటు లోన్‌కు ముందస్తు చెల్లింపు మీద జరిమానా లేదు, ఆరోగ్యం కుదుటపడ్డాక కూడా కట్టొచ్చు. మరీ అవసరమైతే బంగారం బ్యాంకులో పెట్టండి, రూపాయి వడ్డీ లోపే దొరుకుతుంది. క్రెడిట్ కార్డు జోలికి మాత్రం వద్దు, అది మూడున్నర రూపాయల వడ్డీ. మా మామయ్య వింటే ఆ వ్యాపారే నయం అంటారు.

మీ లోన్ మిగులెంత, ఇంకా ఎన్నేళ్లుంది, లాస్ ఆఫ్ పే ఎప్పటినుంచో రాయండి, లెక్క వేసి చెప్తాను. మీ ఫ్లాట్‌కు అద్దె ఎంత వస్తుందో మాత్రం బ్రోకర్‌ను అడక్కండి, మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ను అడగండి.