తొడ చరిస్తే రోషమా, పొగరా?

ప్రశ్న: మా దగ్గర జరిగిన వెయిట్‌లిఫ్టింగ్ పోటీల్లో ఓ కుర్రాడు బరువెత్తి తొడ చరిచాడు. జనం ఈలలేశారు. కాసేపటికి ఒక అమ్మాయి అదే పని చేస్తే ‘ఎంత పొగరో చూడు’ అన్నారు. ఎందుకీ తేడా?
– ఒక పాఠకురాలు, నెల్లిమర్ల

జవాబు: ముందు రిఫరీల సంగతి చూడండి. ముగ్గురుంటారు. బార్ (బరువులు తగిలించిన కడ్డీ) తలపైన కదలకుండా నిలిచి, దించమన్న సంకేతం వచ్చాకే దించాలి. భుజాల కన్నా పైనుంచే చేతులు వదిలేస్తే ఎర్ర లైటు. ముగ్గురిలో ఇద్దరు తెల్ల లైటు వేస్తే లిఫ్ట్ చెల్లినట్టే. ఆ తర్వాత ఎవరు తొడ చరిచినా లైటు రంగు మారదు. చూసే జనానికి ఇలాంటి కొలత లేదు. ఆడా మగా, గెలిచారా ఓడారా, వెనక ఎవరున్నారు అన్నదాన్ని బట్టి మాట మారిపోతుంది.

వెనక ఎవరున్నారన్న దానికి మన విజయనగరం పేరుతోనే ఉదాహరణ ఉంది. 1936 ఇంగ్లండ్ పర్యటనలో భారత క్రికెట్ జట్టు కెప్టెన్ విజయనగరం మహరాజ్‌కుమార్ విజ్జీ. లాలా అమర్‌నాథ్ అప్పటికే తన తొలి టెస్టులో 118 కొట్టిన ఆటగాడు. లార్డ్స్‌లో మైనర్ కౌంటీస్ జట్టుతో ఆడిన మ్యాచ్‌లో ఆయన్ను ప్యాడ్లు కట్టుకుని కూర్చోమని, ఆయన కన్నా ముందు వేరేవాళ్లను పంపుతూ పోయారు. ఆట ముగిశాక ఆయన డ్రెస్సింగ్ రూమ్‌లో ప్యాడ్లు విసిరికొట్టి పంజాబీలో నాలుగు మాటలన్నాడు. అంతే, తొలి టెస్టు కాకముందే ఇంటికి పంపేశారు. తలబిరుసన్న ముద్ర ఆయనకే పడింది. విజ్జీ 3 టెస్టుల్లో చేసినవి 33 పరుగులు, అయినా ఆ ఏడాదే ‘సర్’ బిరుదొచ్చింది. అమర్‌నాథ్ తప్పు లేదనీ, కెప్టెన్సీయే బాగాలేదనీ ఈ గొడవపై విచారించిన బ్యూమాంట్ కమిటీ 1937లో తేల్చింది. ప్యాడ్లు విసిరినవాడి కోపం అందరికీ కనిపించింది. గంటల తరబడి కూర్చోబెట్టినవాడి అహంకారం ఎవరికీ కనిపించలేదు.

ఇక గెలుపోటములు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో (ఒకే ఊపులో తలపైకెత్తడం) 110, క్లీన్ అండ్ జర్క్‌లో (ముందు భుజాల దాకా, ఆపై తలపైకెత్తడం) 130 కలిపి 240 కిలోలెత్తారు. ఆఖరి ప్రయత్నానికి ఏకంగా 7.5 కిలోలు పెంచి 137.5 పెట్టించారు. బార్ నిలవలేదు, కాంస్యం వచ్చింది. నిలిచుంటే స్వర్ణం, అప్పుడు దాన్ని గుండెధైర్యం అనేవాళ్లం. అదే లెక్క తప్పితే ‘అంత ఎందుకు ఎక్కించాలి’ అంటాం.

ఆ అమ్మాయి విషయంలో ఒకటి గమనించండి: తొడ చరిచేటప్పుడు ఎటు తిరిగింది? కోచ్ వైపో జనం వైపో అయితే అది సంబరం. ఓడిన పిల్ల ముఖం మీదకి వెళ్లి చరిచినా, రిఫరీని కసిరినా, ప్లేట్లు ఎక్కించే కుర్రాళ్లను విసుక్కున్నా పొగరే. కుర్రాడు చేసినా అదే మాట అనాలి.